అత్త చేతిలో రొట్టె ముక్క

పర్లాకిమిడి,
గురువారం రాత్రి

ఒరే బావా,

ప్రభువు నామంలో వందనాలు. క్రిస్మస్‌కి నువ్వు పంపిన కార్డుకి సంక్రాంతి ముందు జవాబు రాస్తున్నాను, ఏమనుకోకు. గుడి పనులు, స్కూల్లో పేపర్లు దిద్దడం, మధ్యలో అమ్మ మోకాళ్ల నొప్పులు, అలా అయిపోయింది. అమ్మకి ఇప్పుడు పర్వాలేదు. మీ చెల్లెలు బాగుంది. పెద్దది ఒడియాలో క్లాస్ ఫస్టు, తెలుగు మాత్రం ఇంట్లో నేను కూర్చోబెట్టి చెప్పాల్సి వస్తోంది. పాతపట్నం రోడ్డు మళ్లీ తవ్వారు. ముందే-ఆమేన్ తాత క్షేమం, ఇంకా ప్రార్థనలో అందరికంటే ముందే ఆమేన్ అంటున్నాడు. ఇవన్నీ తర్వాత.

అసలు సంగతి చెప్తాను. మొన్న ఆదివారం టీచరత్త గుడిలో ప్రభువు బల్ల తీసుకుంది, ఆ రొట్టే, ఆ రసమూ.

మళ్లీ చదువుకో. అవును, మీ అత్తే. ఆదివారం నుంచి ఫోన్ చేతిలోకి తీసుకోవడం, పెట్టేయడం. ఆ మరమగ్గాల మోతలో నువ్వు "ఆఁ? ఆఁ?" అంటూ ఉంటే ఇది చెప్పగలిగేది కాదు. పైగా ఆవిడే "వాడికి ఉత్తరం రాయి" అంది. ఎందుకు అందో చివర్లో చెప్తాను. తమ్ముడు రేపు తెల్లవారుజామునే పలాస వెళ్లి సూరత్ రైలెక్కుతున్నాడు, వాడి చేతికిచ్చి పంపాలి. కరెంటు ఉన్నంతసేపు రాస్తాను.

నీకు తెలిసిందే అయినా ముందు నుంచి చెప్పనీ, లేకపోతే నాకు తృప్తిగా ఉండదు. నెలలో మొదటి ఆదివారం బల్ల కదా, దాని ముందు శనివారం సాయంత్రం గుడి వెనక గదిలో ఎవరుంటారు? ఆవిడే. నల్ల కిస్మిస్ రాత్రే నానబెట్టి, పొద్దున్న ఉడకబెట్టి, పలచటి గుడ్డలో వడగట్టి ఆ రసం తీసేది ఆవిడే. రొట్టె అంచులు తీసేసి, అన్నీ ఒకే కొలతలో ఉండేలా ముక్కలు కోసేది ఆవిడే. ఒక ముక్క వంకరగా వస్తే పక్కన పెట్టేస్తుంది. మనం చిన్నప్పుడు కిటికీ దగ్గర కాపలా కాసి తిన్నది ఆ వంకర ముక్కలనే కదా! (జామచెట్టు కేసు నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.) చిన్న గ్లాసులు వేడినీళ్లలో కడిగి, వచ్చేవాళ్లకి సరిపడా లెక్కపెట్టి, ట్రేలో పేర్చి, తెల్ల గుడ్డ కప్పి, తీరా ఆదివారం ఆ బల్ల దగ్గరికి అందరూ చేరే వేళకి తను పక్క తలుపు దగ్గర చెప్పుల వైపు వెళ్లి కూర్చుంటుంది. ట్రే అటు వస్తే తల వంచుకుంటుంది. పరిచారకులకి అలవాటైపోయి, అసలు ఆ బెంచీకి ట్రే చూపించడమే మానేశారు. మీ అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఇంతే.

మీ అమ్మకీ ఆవిడకీ మధ్య ఆ గాజుల గొడవ నేను ఇక్కడ రాయను. నాకంటే నీకే ఎక్కువ తెలుసు. సమాధానపడకుండానే మీ అమ్మ వెళ్లిపోయింది. "సహోదరునితో సమాధానపడి అప్పుడు రా" అని వాక్యం చెప్తుంటే, సమాధానపడాల్సిన మనిషి మట్టిలో ఉంటే ఏం చెయ్యాలి అని ఒకసారి మా అమ్మని అడిగిందట. అమ్మ దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఇంకెవర్నీ అడగలేదు. మనకి సండే స్కూల్లో ఒక్క తప్పు లేకుండా కంఠతా పెట్టించిన మనిషి, ఎవరింట్లో చావైనా పుట్టుకైనా ముందుండే మనిషి, తనకి మాత్రం అర్హత లేదని తీర్పు చెప్పేసుకుంది. ఎంత మంది పాస్టరయ్యగార్లు మారారో, ఒక్కరైనా ఆ బెంచీ దాకా వెళ్లి అడగలేదంటే నాకు బాధగా ఉంటుంది బావా.

ఇక ఆదివారం. ఈసారి కోతల పండగా, బల్లా ఒకే రోజు వచ్చాయి. గుడి చూడాలి నువ్వు! తిత్లీ తుఫానుకి ఎగిరిపోయిన రేకులు మార్చాక ఇంత నిండుగా నేను చూడలేదు. వేదిక మెట్ల మీద గుమ్మడికాయలు, అరటి గెలలు, చెరుకు గడలు, చోళ్ల మూట, పచ్చి పసుపు, మట్టి కూడా దులపని అల్లం, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు. గుమ్మ వైపు కొండల నుంచి సవర వాళ్లు ఒక జీపు నిండా వచ్చారు. మన కొత్త అయ్యగారిది ఆ వైపు ఊరే కదా. కుర్రాడే గానీ తెలుగు, ఒడియా, సవర మూడూ ధారాళంగా మాట్లాడతాడు. జీపులో ఒక ముసలామె కందుల సంచి ఒళ్లో పెట్టుకుని వచ్చింది. చూపు సరిగ్గా ఆనదు. చెప్పులు విప్పిన చోటే దగ్గర బెంచీ దొరికితే కూర్చుండిపోయింది. అంటే ఎవరి పక్కన? అర్థమైందిగా.

నేను హార్మోనియం దగ్గర. అక్కడ కూర్చుంటే అందరి ముఖాలూ కనిపిస్తాయి, అదొక్కటే ఆ కుర్చీ సుఖం.

అయ్యగారు బైబిల్లో నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయం తీశాడు. నేను అనుకున్నాను, కోతల పండక్కి ఇదేంటి అని. ఎప్పుడూ ద్వితీయోపదేశకాండమో, రూతో కదా. ఆయన చెప్పిన తీరు విను. బబులోను చెరనుంచి తిరిగొచ్చిన జనం, గోడ కట్టుకున్నారు, ఏడో నెల మొదటి రోజున నీటి గుమ్మం ఎదురుగా మైదానంలో అందరూ చేరారు. శాస్త్రి ఎజ్రా కొయ్య పీఠం ఎక్కి తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. విన్నవాళ్లంతా ఏడుపు మొదలుపెట్టారు. ఎందుకు? ఉండాల్సింది అలా, మనం ఉన్నది ఇలా అని. సరే, అక్కడ మనమైతే ఏం చేస్తాం? ఇంకా ఏడవమంటాం, మూడు రోజులు ఉపవాస కూడిక పెడతాం. నెహెమ్యా, ఎజ్రా, లేవీయులు ఏమన్నారో చూడు: ఏడవకండి, వెళ్లి కొవ్విన మాంసం తినండి, తియ్యనిది తాగండి, ఏమీ సిద్ధం చేసుకోనివాళ్లకి వంతులు పంపించండి అన్నారు. "యెహోవాయందు ఆనందించుటవలన మీరు బలమొందుదురు."

"వాళ్లు ఆ పూట బాగుపడిపోయారని పండగ చేసుకోమన్నారా?" అని అడిగాడు అయ్యగారు. "లేదు. ఏడుస్తున్నవాళ్లని ఏడుస్తుండగానే విందుకి పంపించారు." అంతే అని, కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నాడు. ముందే-ఆమేన్ తాత మొదటిసారి ఆలస్యంగా ఆమేన్ అన్నాడు, నువ్వు నమ్మాలి!

తర్వాత బల్ల. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం చదివాడు, ఎప్పటిలాగే. టీచరత్తని పట్టి బంధించిన వచనం అందులోదే, అయోగ్యంగా తింటే అపరాధి అవుతాడని. కానీ బావా, ఆ కొరింథు సంఘం చేసిన తప్పేంటో ఆ వచనానికి పైనే ఉంది. ఉన్నవాళ్లు ముందే వచ్చి కడుపునిండా తినేసేవారు, లేనివాడు ఆకలితో కూర్చునేవాడు. పౌలు కోపమంతా దాని మీద. ఒకర్ని వదిలేసి తినడం మీద. ఆ కింద వచనం ఇంకా స్పష్టంగా ఉంది: "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను; ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." పరీక్షించుకుని తినమన్నాడు. పరీక్షించుకుని చెప్పుల దగ్గర కూర్చోమనలేదు. మనం చిన్నప్పటి నుంచీ మొదటి సగం ఎంత భయంతో విన్నామంటే రెండో సగం చెవికెక్కలేదు.

సరే, ట్రేలు కదిలాయి. నేను మెల్లగా వాయిస్తున్నాను. ఆ రోజు వెనక వరసకి ట్రే తీసుకెళ్లింది మన బస్టాండు దగ్గర జెరాక్స్ షాపు కుర్రాడు, కొత్త పరిచారకుడు. వాడు ఆ బెంచీకి కూడా ట్రే చాచాడు. సవర మామ్మ తడుముకుంటూ ఒక ముక్క తీసుకుంది. అత్త ఎప్పటిలాగే తల వంచుకుంది. వాడికి ఏం చెయ్యాలో తెలియక ముందుకెళ్లబోయాడు. అప్పుడు ఆ మామ్మ ట్రే అంచు పట్టుకుని ఆపింది. ఇంకో ముక్క తీసింది. పక్కనున్న అత్త చెయ్యి వెతికి పట్టుకుని, వేళ్లు విప్పి, అరచేతిలో ఆ ముక్క పెట్టి, మళ్లీ వేళ్లు మూసేసింది. ఏదో అంది సవరలో. ఎవరికీ అర్థం కాలేదు.

నా చేతులు హార్మోనియం మీద ఆగిపోయాయి. అందరూ ప్రార్థనలో కళ్లు మూసుకుని ఉన్నారు కాబట్టి సరిపోయింది.

ఆవిడకి ఈవిడ సంగతేం తెలుసు చెప్పు? గాజులు తెలుసా, వదిన తెలుసా? చూపు ఆనని మనిషి, పక్కన కూర్చున్నావిడ చెయ్యి ఖాళీగా ఉందని మాత్రం ఎలాగో తెలుసుకుంది. ఇంట్లో పంక్తిలో పక్కవాళ్లకి అందలేదంటే మనం పెట్టమా, అలా పెట్టేసింది.

"అందరికీ అందిందా?" అని అడిగాడు అయ్యగారు. ఎప్పుడూ అడుగుతారు, ఎవరూ పలకరు. అత్త పిడికిలి అలాగే ఒళ్లో ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. లేచి పక్క తలుపు గుండా బయటికి వెళ్లిపోతుందేమో అనుకున్నాను, నిజంగా అలా ఒకసారి తలుపు వైపు చూసింది కూడా. తర్వాత పిడికిలి విప్పింది. ముక్క నలిగిపోయింది, ఆవిడ అంత కొలత పెట్టి కోసిన ముక్క. పొడిలా అయినదాన్ని అరచేతిలోంచి నోటికి తీసుకుంది. ఒక రవ్వ చీర మీద పడితే దాన్ని కూడా వేలికి అద్దుకుని తింది.

అప్పుడు గ్లాసులు. ఇక్కడ విను. గ్లాసు తక్కువ వచ్చింది! టీచరత్త లెక్కలో గ్లాసు తక్కువ రావడం నీ జన్మలో నా జన్మలో చూశామా? కొండ నుంచి వచ్చినవాళ్లతో సహా మనిషి మనిషినీ లెక్కపెట్టింది శనివారం. ఒక్క మనిషిని లెక్కలో వెయ్యలేదు. ఎవర్నో నేను చెప్పక్కర్లేదు. మామ్మ తన గ్లాసు సగం తాగి, మిగతా సగం మళ్లీ అదే పద్ధతిలో అత్త చేతిలో పెట్టింది.

బావా, నేను ఏడ్చాను. మీ చెల్లెలు అటు నుంచి కళ్లతో ఏమైంది అని అడుగుతోంది, నేను చెప్పలేకపోయాను.

ముగింపు ప్రార్థన అయ్యాక నేను వెనక్కి పరిగెత్తాను. అత్త పక్క తలుపు మెట్టు మీద కూర్చుని ఉంది. ఏడుస్తుందనుకుని వెళ్తే, నవ్వుతోంది! నోరు తెరిచి, పళ్లు కనపడేలా. ఆవిడ పళ్లు నేను ఎప్పుడు చూశానో నాకు గుర్తు లేదు. "ఒరే, నన్ను నేను లెక్కపెట్టుకోలేదురా" అంటుంది, మళ్లీ నవ్వుతుంది. పక్కన మామ్మ కూడా ఎందుకో తెలియకుండానే నవ్వుతోంది. ఇద్దరి మధ్యా ఒక్క మాట కలవదు, చెయ్యి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

ఇంతలో మాడు వాసన. పండగ భోజనం వంట ఎవరిది? ఆవిడదే! గుండిగలో అన్నం అడుగంటింది. స్త్రీల సమాజం వాళ్లకి ఒకటే టెన్షన్, ఇప్పుడు టీచరమ్మ ఎవర్ని తిడుతుందో అని. నీకు గుర్తుందా, పులిహోరలో ఉప్పు ఎక్కువైందని మొత్తం పారబోయించి మళ్లీ వండించింది, జనం మూడింటిదాకా ఆకలితో కూర్చున్నారు. మొన్న ఏం చేసిందో తెలుసా? మూత తీసి చూసి, "పైది బాగానే ఉంది, వడ్డించెయ్యండి, కిందది నాకిష్టం" అంది. అందరూ మాడు వాసనన్నం తిన్నారు, కోడికూరతో, చింతపండు చారుతో. నేను మారు వడ్డించుకున్నాను. పెద్దది అయితే "నాన్నా, పొగ బిర్యానీ" అంది.

కానుకల వేలంపాటలో ఇంకా ఉంది. కొండవాళ్లు తెచ్చిన ఒక గుమ్మడికాయ, సొట్టపడి, ఒక పక్క పచ్చగా, ఎవరూ పాడట్లేదు. అత్త లేచి వంద అంది. ఎవరో సరదాకి నూట యాభై అన్నారు. రెండొందలు అంది. అలా ఐదొందల దాకా పోయింది, అంతా ఈలలు, చప్పట్లు. ఆ కాయ తీసుకెళ్లి మామ్మ ఒళ్లోనే పెట్టేసింది. కోడి సంగతి వేరే, అది తప్పించుకుని వేదిక ఎక్కిన వైనం తమ్ముడు చెప్తాడు, వాడే పట్టుకున్నాడు.

సాయంత్రం నేనూ అయ్యగారూ గిన్నెలు ఇవ్వడానికి ఆవిడ ఇంటికి వెళ్లాం. టీ పెట్టింది. అయ్యగారు మార్టిన్ లూథర్ కథ ఎత్తాడు. 1505లో మఠంలో చేరాడట, చేరాక పాపాలు ఒప్పుకోవడానికి పెద్దాయన స్టౌపిట్జ్ దగ్గరికి వెళ్తే గంటలకి గంటలు, బయటికి వచ్చాక ఇంకోటి గుర్తొచ్చి మళ్లీ లోపలికి. ఆ పెద్దాయనే విసిగిపోయాడట. అత్త చాలా శ్రద్ధగా విని, "పాపం, ఆయనకీ నాకూ వరసలు కలుస్తాయి" అంది. ఇంకా ఫిలిప్పీయుల పత్రిక తీయమంది నన్ను. అది పౌలు సంకెళ్లలో ఉండి రాసింది కదా. మూడో అధ్యాయంలో "ఇదివరకే సంపూర్ణ సిద్ధి పొందితినని యైనను, నేను అనుకొనుటలేదు" అని ఉంది. పేజీ తిప్పితే నాలుగో అధ్యాయంలో "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి, మరల చెప్పుదును ఆనందించుడి." ఇవి రెండూ మనకి కంఠతా పెట్టించింది ఆవిడే. "ఈ రెండూ ఒకే మనిషి, ఒకే ఉత్తరంలో రాశాడని ఇన్నేళ్లూ పక్కపక్కన పెట్టి చూడలేదురా" అంది. సంపూర్ణుడయ్యాక ఆనందిద్దామని ఆయన ఆగలేదు. ఆగి ఉంటే ఫిలిప్పీ వాళ్లకి ఆ ఉత్తరమే వచ్చేది కాదు.

నాకు ఇంకొకటి తోచింది, అక్కడ చెప్పలేదు, నీకు చెప్తున్నాను. ఆవిడ ఎప్పుడూ పాడుకునేవి పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలే. 1803లో మన పర్లాకిమిడి ప్రాంతంలోనే పుట్టిన మనిషి. ఆయన పాటల్లో నేను పాపిని, దిక్కులేనివాణ్ని అనే మొర ఎంత ఉంటుంది! కానీ ఆ మొర పెట్టుకుంటూ ఆయన పాదాల దగ్గరికి వచ్చేశాడు, గుమ్మం బయట నిలబడి పాడలేదు. ఆవిడ ఆ పాటలన్నీ గుమ్మం బయట నుంచి పాడింది ఇన్నాళ్లూ. ఇది ఇంకా సరిగ్గా చెప్పాలి, ఇప్పుడు టైము లేదు, వచ్చినప్పుడు మాట్లాడదాం.

ఇప్పుడు నీ వంతు. నువ్వు వినాయక చవితి సెలవుల్లో ఫోన్ చేసినప్పుడు ఏమన్నావు? సూరత్‌లో తెలుగు ఆరాధన ఉందని తెలుసు, కానీ "కొంచెం సరిగ్గా అయ్యాక వెళ్తాలే బావా" అన్నావు. నేను ఆ మాట అత్తకి చెప్పాను, తప్పో ఒప్పో. ఆదివారం సాయంత్రం టీ గ్లాసు పక్కన పెట్టి ఆవిడ అంది: "ఆ భయం వాడికి నేనే నేర్పానురా. తప్పు లేకుండా చెప్తేనే చాక్లెట్ ఇచ్చేదాన్ని. వాడికి రాయి. ముక్క నలిగిపోయినా అది ప్రభువు రొట్టేనని రాయి. వాళ్లమ్మ ఉంటే ఇవాళ నన్ను చూసి ముందు తనే నవ్వేది అని కూడా రాయి." చివరి మాట దగ్గర గొంతు పట్టుకుపోయింది గానీ, ముఖం మాత్రం నవ్వుతూనే ఉంది.

నువ్వు తాగుతున్నావా మానేశావా అని నేను అడగట్లేదు. మానితే సంతోషం, మానెయ్యి, నీ కాళ్లు పట్టుకుంటాను. కానీ అది అయ్యేదాకా బయట కూర్చోకు. వచ్చే నెల మొదటి ఆదివారం ఆ తెలుగు ఆరాధనకి వెళ్లు, వెనక బెంచీ అయినా సరే. ఎవరో ఒకరు నీ చెయ్యి వెతికి పట్టుకుంటారు. లేదంటే ఖాళీ చేతులతో పక్కన ఇంకెవరైనా కూర్చుని ఉంటారేమో, నువ్వే చూడు. అత్తకి ఫోన్ చెయ్యి. గాజుల మాట ఆవిడే ఎత్తుతుంది, అడ్డుకోకు, మొత్తం చెప్పనీ. చిన్నప్పుడు నీకు ముద్దలు పెట్టి పెంచిన చెయ్యి అది.

అత్త ఇంకో సంగతి చెప్పమంది, ఇంటి వెనక మీ అమ్మ వేసిన... ఆగు, తమ్ముడు లేచాడు, తెల్లారిపోయిందట! ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. అరిసెలు అత్తవి, ఆవకాయ మా అమ్మది, సీసా నిలువుగా పెట్టు. మిగతాది మళ్లీ రాస్తాను.

నీ
బావ